ఊపిరి బిగబట్టిన వేట

తిరువూరు ప్రాంతమునకు చేరిన రెడ్డిగూడెము మెట్టనేలల నడుమ మామిడితోటలతో నిండిన ఊరు. అచ్చటి రైతునకు సముద్రమనగా, కాయ పక్వమునకు వచ్చు వేళ వాయుగుండము పుట్టినదని వార్తలలో వినవచ్చినపుడు గుండె దడదడలాడించు పేరే గాని, నిత్యము కంటికి కనబడు వస్తువు గాదు. అయినను ఆ మెట్టల మీద కురియు వానకు సముద్రముతో బంధుత్వము తప్పదు. పొరుగుననే యున్న మైలవరపు కొండలలో పుట్టిన బుడమేరు దారి పొడుగునను వాగులను, వంకలను కలుపుకొని కొల్లేటిలో పడుచున్నది. కొల్లేటినుండి ఉప్పుటేరుగా బయలువెడలి బంగాళాఖాతమున కలియుచున్నది. కలిసిన పిమ్మట ఆ నీరు ఏమగును? ఉప్పునీటిలో తక్షణమే కరగి కలిసిపోవునని మనము తలంతుము. అది సత్యము కాదు. మంచినీరు ఉప్పునీటికంటె తేలికయైనది గనుక, చాలకాలము సముద్రము పైభాగమున పలుచని పొరగా పరుచుకొని నిలుచును.

ఒక్క ఉప్పుటేరు తెచ్చు నీరు సముద్రమునకు లెక్కలోనిది గాదు. కాని గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మున్నగు మహానదులన్నియు తమ వరదనీటిని ఈ ఒక్క ఖాతములోనికే కుమ్మరించుచుండుటయు, ఋతుపవనమేఘములు తిన్నగా సముద్రము మీదనే ధారాపాతముగా వర్షించుటయు తోడగుటచేత, వానకాలము వెళ్ళునాటికి బంగాళాఖాతపు ఉత్తరభాగమున పైనీటి ఉప్పదనము పశ్చిమాన నున్న అరేబియా సముద్రపు నీటి ఉప్పదనముకంటె ఎంతయో తక్కువగ నుండును. ఈ తేలిక నీరు సంవత్సరములో అధికభాగము 28 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వెచ్చదనముతో, క్రిందనున్న చల్లని, బరువైన నీటిపై మూతవలె కూర్చుండును. గాలి ఎంత వీచినను ఆ మూత సులభముగా కదలదు.

మూత కదలకున్న నష్టమేమని అడుగవచ్చును. సముద్రములోని సర్వజీవులకును మూలాధారమైన ఆహారము కంటికి కనరాని వృక్షప్లవకములు. వానికి సూర్యకాంతి కావలెను; నత్రజని, భాస్వరము మొదలైన లవణములును కావలెను. కాంతి పైన నున్నది. లవణములు, చచ్చిన జీవులు అడుగునకు దిగి క్రుళ్ళుటవలన పుట్టినవి గనుక, క్రింద నున్నవి. పొయ్యి మేడమీదను, సరకులు నేలమాళిగలోను ఉన్న ఇంటిలో మెట్లదారి మూసివేసిన వంట ఎట్లు సాగదో, గట్టి పొరలు కట్టిన సముద్రమున ప్లవకముల వృద్ధియు అట్లే సాగదు. నైరృతి గాలులు బలముగా వీచి అడుగునీటిని పైకి లాగు అరేబియా సముద్రము మత్స్యసంపదలో బంగాళాఖాతమును మించియుండుటకు ముఖ్యకారణమిదియే.

మన తీరమునందును ఆ మెట్లదారి అప్పుడప్పుడు తెరచుకొనుచుండును. ఈ సంగతిని శాస్త్రీయముగా కొలిచి చూపిన కీర్తి వాల్తేరునకు దక్కినది. 1952లో అమెరికానుండి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఆచార్యుడుగా వచ్చిన యూజీన్ లఫాండ్ ఇచ్చటి విద్యార్థులను వెంటబెట్టుకొని నౌకలపై తీరము వెంబడి తిరిగి, వేసవి ప్రారంభమున తీరమునకు సమాంతరముగా వీచు గాలి పైనీటిని లోపలి సముద్రమునకు నెట్టివేయగా, ఆ ఖాళీని పూరించుటకు అడుగునుండి చల్లని నీరు పైకి పొంగుచున్నదని నిరూపించెను. తరువాతి దశాబ్దమున అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధన సాగిన కాలమున, మన తీరమునకు ఎదురుగా సముద్రగర్భమున నున్న లోయలకు ఆయన ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అను పేర్లు పెట్టెను. మహదేవన్ అనగా విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్రాచార్యులైన సి. మహదేవన్ గారు. సముద్రమును చూచి భయపడుటయో, తీర్థస్నానము చేయుటయో తప్ప కొలుచుట ఎరుగని మన చదువులకు అది క్రొత్త దారి. ఆ దారియే నేడు హైదరాబాదులో 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార కేంద్రము వరకును వచ్చినది. నీటి వెచ్చదనమును, పచ్చదనమును ఉపగ్రహములనుండి చూచి, చల్లని నీరును వెచ్చని నీరును ఒరసికొను అంచులెచ్చట నున్నవో కనిపెట్టి, చేపలు దొరకదగిన తావులను ఆ కేంద్రమువారు మన జాలరులకు తెలుగులోనే తెలియజేయుచున్నారు. అంచున ఆహారమున్నదన్నదే అందలి సూత్రము.

ఆ సూత్రమును ఉపగ్రహము లేకుండ, వల లేకుండ, కేవలము తన దేహమునే పణముగా నొడ్డి ఆచరించు జంతువు సీలు. మన తీరమున సీళ్ళు లేవు. కాలిఫోర్నియాలో ఉద్యోగములు చేయుచున్న మన పిల్లల వద్దకు వెళ్ళి వచ్చిన పెద్దలు శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో చెక్కతెప్పలపై పడుకొని అరచు జంతువులను చూచి సీళ్ళని చెప్పుచుందురు గాని, అవి సీళ్ళకు దాయాదులైన సముద్రసింహములు. వానికి బయటికి కనబడు చెవిడొప్పలుండును, నేల మీద రెక్కకాళ్ళను మోపి నడువగలవు. నిజమైన సీలునకు చెవిడొప్పలు లేవు. నేల మీద అది పొట్టతో ప్రాకవలసినదే. ఆ నగరమునకు దక్షిణముగా కొంతదూరమున నున్న ఆన్యో న్యువో తీరమునకు శీతకాలమున వెళ్ళినవారు మాత్రము అసలైన ఏనుగు సీళ్ళను చూడగలరు.

హిందూమహాసముద్రమునకును తన ఏనుగు సీళ్ళు కలవు. అవి దక్షిణపు కొసన, సుమారు 49 డిగ్రీల దక్షిణ అక్షాంశముపై, ఫ్రాన్సు దేశపు ఏలుబడిలోనున్న కెర్గ్యులెన్ దీవులలో నివసించును. రెడ్డిగూడెమునకు ఏడువేల కిలోమీటర్లకు మించిన దూరము. అయినను నడుమ నేల అడ్డము లేని ఒకే సముద్రము. అందు మగజంతువు మూడు నాలుగు టన్నుల బరువు తూగును; దాని ముక్కు తొండమువలె వ్రేలాడుటచేతనే ఆ పేరు వచ్చినది. ఆడుది అందులో నాలుగవ వంతునకును చాలదు. సంవత్సరములో రెండుమార్లు, ఒకమారు ప్రసవమునకును సంగమమునకును, మరియొకమారు పాతబొచ్చు రాల్చుకొని క్రొత్తది తొడుగుటకును, అవి ఒడ్డెక్కును. ఒడ్డున నున్నంతకాలము ఉపవాసమే. మిగిలిన నెలలన్నియు నడిసముద్రములోనే. బొచ్చు మార్చుకొని బయలుదేరిన ఆడుసీలు ఏడెనిమిది నెలలపాటు నేల మొగము చూడకుండ తిరుగును.

తిరుగుట యనుటకంటె మునుగుట యనుట న్యాయము. ఆ నెలలలో పదింట తొమ్మిదిపాళ్ళ కాలము అది నీటి అడుగుననే గడపును. ఇరువది ముప్పది నిమిషములు మునుగుట, రెండు మూడు నిమిషములు పైకి వచ్చి ఊపిరి పీల్చుట, మరల మునుగుట. రాత్రియనక పగలనక ఇదియే వరుస. సాధారణముగా నాలుగు వందలనుండి ఎనిమిది వందల మీటర్ల లోతునకు దిగును. రెండువేల మీటర్లకు మించి దిగిన సందర్భములును కలవు. మునుగుటకు ముందు మనము గుండెనిండ గాలి పీల్చుకొందుము. సీలు ఉన్న గాలిని వదలివేసి మునుగును. ఊపిరితిత్తులలో గాలి నిలిచియున్నచో లోతున గల ఒత్తిడికి అందలి నత్రజని నెత్తురులో కరగి, పైకి వచ్చునపుడు బుడగలై ప్రాణాపాయము తెచ్చును. దానికి కావలసిన ప్రాణవాయువు నెత్తురులోను, కండరములందలి మయోగ్లోబిన్‌లోను నిలువ యుండును. ఆ కండరములు నలుపు తిరిగిన ఎరుపు రంగున నుండుటకు ఆ పదార్థమే కారణము. మునిగినంతనే గుండె వేగము మిక్కిలి తగ్గి, మెదడు మొదలైన ముఖ్యావయవములకే నెత్తురు ధారాళముగా ప్రవహించును. నిద్ర కూడ నీటి క్రిందనే. ఉత్తర పసిఫిక్ ఏనుగు సీళ్ళ మెదడు తరంగములను కొలిచి 2023లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, అవి సముద్రమున నున్నపుడు రోజునకు సుమారు రెండు గంటలే, అదియు ఇరువది నిమిషములకు మించని కునుకులుగా, లోతునకు జారుచు నిద్రించును.

ఇంత ఏర్పాటు దేనికి? ముఖ్యముగా లాంతరు చేపల కొరకు. వ్రేలెడు పొడవున్న ఈ చేపల దేహముపై మిణుగురుల వంటి కాంతిబిందువులుండును. పగలు శత్రువుల కంటబడకుండ చీకటిలోతులలో దాగి, రాత్రి కాగానే ప్లవకములను మేయుటకు పైకి వచ్చుట వీని వాడుక. కావున సీలు రాత్రులు తక్కువ లోతునకును, పగలు ఎక్కువ లోతునకును దిగును. చంద్రుడు సయితము ఈ లెక్కలో చేరును: గాలపాగోస్ దీవుల బొచ్చుసీళ్ళు పౌర్ణమి దినములలో వేట తగ్గించి ఒడ్డున ఎక్కువగా పడియుండునని పరిశోధకులు గమనించిరి, వెన్నెలకు వెరచి చేపలు లోతుననే నిలిచిపోవుట కారణమని వారు తలంచిరి.

ఇప్పుడు సముద్రపు పొరలు సీలు జీవితమున ఎట్లు ప్రవేశించునో కొంచెము లెక్క వేసి చూతము. సీలు క్షణమునకు సుమారు ఒకటిన్నర మీటరు వేగముతో దిగుననుకొందము. చేపలు 500 మీటర్ల లోతున నున్నచో దిగుటకు అయిదున్నర నిమిషములు, ఎక్కుటకు అంతే. ఇరువదియైదు నిమిషముల ఊపిరిలో పదునాలుగు నిమిషములు వేటకు మిగులును. ఆ చేపలే 900 మీటర్లకు దిగిపోయినవనుకొనుడు. రాకపోకలకే ఇరువది నిమిషములు చెల్లిపోయి, వేటకు అయిదు నిమిషములే మిగులును. చేపల సంఖ్యలో మార్పేమియు లేదు. అవియున్న పొర మాత్రమే దిగినది. వేటగాని ఆహారము మూడవ వంతునకు పడిపోయినది. వెచ్చని నీటిలో చేపలు లోతుగా నుండును, చల్లని నీటిలో పైకి ఉండును అని కెర్గ్యులెన్ సీళ్ళ మునకలు తెలుపుచున్నవి. ఆడుసీళ్ళు వేలకొలది కిలోమీటర్లు పోయి, చల్లని నీటినాలుకలు వెచ్చని నీటిలోనికి చొచ్చుకొని వచ్చు ధ్రువప్రాంతపు అంచులను, అచ్చట పుట్టు పెద్ద పెద్ద సుళ్ళను వెదకుట ఇందుకే. గడియారపు దిశలో తిరుగు దక్షిణార్ధగోళపు చల్లని సుళ్ళు అడుగునీటిని ఎగదోయును. వాని పొలిమేరలలో సీళ్ళ వేట ముమ్మరముగ సాగును. వాల్తేరులో లఫాండ్ చూచినదియు, హైదరాబాదు కేంద్రమువారు వెదకునదియు ఈ సంగతియే.

ఈ విషయములన్నియు మనకు తెలిసినది సీళ్ళే చెప్పగా. బొచ్చు మార్చుకొని ఒడ్డున నున్న సీలును మత్తుమందుతో నిద్రపుచ్చి, దాని నడినెత్తిమీది బొచ్చుకు, అరచేతిలో ఇముడు ఒక పరికరమును జిగురుతో అంటింతురు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు దీనికి రూపమిచ్చిరి. లోతు, నీటి వెచ్చదనము, ఉప్పదనము అది నమోదు చేయును. సీలు పైకి వచ్చి ఊపిరి పీల్చు ఆ రెండు మూడు నిమిషములలో, నీటి పైకి లేచిన తల మీదనుండి చిన్న తీగె ద్వారా ఉపగ్రహమునకు సమాచారము పంపును. మునిగిన వెంటనే మాట నిలిచిపోవును. కావున ప్రతి మునకయొక్క కథను నాలుగు ముక్కలలోనికి కుదించి పంపవలెను. మరుసటి సంవత్సరము పాతబొచ్చుతో పాటు పరికరమును రాలిపోవును. జంతువునకు బాధ లేదు. ఇట్లు ఈ శతాబ్దారంభమునుండి సీళ్ళు పంపిన సముద్రపు కొలతలు లక్షల సంఖ్యలో నున్నవి. నౌకలు పోలేని మంచుకాలమున, మంచుపలకల నడుమనుండి అవి వచ్చుట విశేషము.

ఈ పరికరము తెలిపిన సంగతులలో నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది ఒకటి కలదు. సీలు అప్పుడప్పుడు మునిగి, కొంతలోతునకు పోయిన తరువాత ఈదుట మాని, దేహమును నీటికి వదలి ఊరకుండును. బహుశః విశ్రాంతి కొరకు. ప్రసవమై, ఉపవాసముచే బరువులో మూడవ వంతును పోగొట్టుకొని చిక్కిపోయిన ఆడుసీలు అట్లు వదలినపుడు, కొవ్వు తక్కువగుటచేత, మెల్లగా క్రిందికి దిగజారును. వారములు గడచి, వేట ఫలించి, చర్మము క్రింద కొవ్వు పేరుకొన్నకొలది ఆ జారు వేగము తగ్గును. బాగుగా బలిసినచో జారుట మాని పైకి తేలుటయు కలదు. ఆ వేగమును దినదినము కొలిచిన శాస్త్రజ్ఞుడు, ఏ ఓడ మీద కాలు మోపకుండనే, ఆ సీలు ఏ దినమున, ఏ నీటిలో బలిసినదో, ఏ నీటిలో చిక్కినదో చెప్పగలడు. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ ఉపాయముతోనే, దక్షిణమహాసముద్రమున లోతునుండి పైకి వచ్చు లవణసమృద్ధమైన నీరు ఎచ్చట నున్నదో అచ్చటనే సీళ్ళు బలియుచున్నవని తేల్చినది. తేలునట్లు బలియుట వలన మరియొక చిక్కును కలదు: తేలిక దేహమును లోతునకు దింపుటకు ఎక్కువ శ్రమపడవలెను. సీలునకు సుఖము నీటితో సమముగ తూగు దేహమే.

మంచు క్రింద మరియొక రీతి బ్రతుకు. అంటార్కిటికా ఒడ్డున వెడ్డెల్ సీలు మంచుపలకలోని రంధ్రములను పండ్లతో గీరి తెరచి యుంచుకొని, అచ్చటనే మునిగి, అచ్చటికే తిరిగి రావలెను. ఆ రంధ్రము తప్పినచో మరణమే. పండ్లరుగుట దాని ఆయువును తగ్గించునని చెప్పుదురు. 2012లో మన దేశము లార్స్‌మన్ కొండలలో నెలకొల్పిన భారతి కేంద్రము ఈ సీళ్ళ నెలవులకు సమీపముననే, ప్రిడ్జ్ అఖాతపు ఒడ్డున నున్నది. ఆ అఖాతమునకు పడమరనున్న డార్న్లీ అగ్రము వద్ద గాలి సముద్రమును ఎప్పటికప్పుడు మంచు గట్టించి మంచును త్రోసివేయుచుండగా, వెనుక మిగిలిన ఉప్పని, అతిశీతలమైన నీరు బరువెక్కి సముద్రగర్భములోనికి జారుచున్నదని 2013లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అట్టి అడుగునీరు పుట్టు తావులు అంతకు పూర్వము మూడు తెలిసియుండెను, ఇది నాలుగవది. వారు సముద్రమున నాటిన యంత్రములతో పాటు, ఏనుగు సీళ్ళు ఆ తీరమున మునిగి తెచ్చిన కొలతలు వారికి సాక్ష్యమైనవి. వేటకు పోయిన జంతువు భూగోళపు ప్రవాహములలో ఒకదాని పుట్టుకకు సాక్షి కాగలదని ఎవడూహించును!

సముద్రపు పొరలు తలక్రిందులైన సంవత్సరమున ఏమగునో 1982–83లో ప్రపంచము చూచినది. ఎల్ నీన్యో అను మాట మన రైతులకు నేడు బాగుగా తెలిసినదే. అది వచ్చిన యేడు ఋతుపవనము మందగించుననునది తరచు నిజమగుచున్నది, 1982లో దేశమున వర్షాభావము కలిగినది. ఆ కాలముననే పసిఫిక్ మహాసముద్రమున వెచ్చని నీరు తూర్పునకు వ్యాపించి, గాలపాగోస్ దీవుల చుట్టు పైకి పొంగవలసిన చల్లని నీటిని అడుగుననే అదిమివేసినది. ప్లవకములు క్షీణించినవి, చేపలు చెదరిపోయినవి, లోతునకు దిగినవి. చిన్నదేహము గల అచ్చటి బొచ్చుసీలు ఏనుగు సీలువలె లోతునకు పోజాలదు. తల్లులు దినములకొలది వెదకి, పాలు లేక తిరిగి వచ్చినవి. ఆ యేటి పిల్లలు దాదాపు అన్నియు చనిపోయినవి. పెద్దవియు అనేకము నశించినవి.

ఏనుగు సీలునకు ఇంత అకస్మాత్తుగ దెబ్బ తగులదు గాని, దాని పిల్ల భవిష్యత్తును ఇట్టి లెక్కకే కట్టుబడియున్నది. తల్లి పిల్లకు మూడువారములకు పైచిలుకు మాత్రమే పాలిచ్చును. ఆ కాలమున తానేమియు తినదు. పుట్టినపుడు నలువది కిలోల ప్రాంతమున నున్న పిల్ల, పాలు మాన్పునాటికి దాదాపు మూడింతలగును. ఆ కొవ్వంతయు తల్లి శీతకాలమంతయు తిరిగి ఏ సుడి అంచుననో, ఏ మంచుపలకల ప్రక్కనో సంపాదించినదే. తల్లి సముద్రమునకు పోయిన పిమ్మట, పిల్ల కొన్ని వారములు ఒడ్డుననే ఆ కొవ్వుతో గడపి, ఎవరును నేర్పకుండగనే సముద్రమున దిగును. పాలు మాన్పునాడు బరువెక్కువ యున్న పిల్లలు మొదటి సంవత్సరము గట్టెక్కు అవకాశము హెచ్చని ఆస్ట్రేలియావారి మక్వారీ దీవిలో పరిశోధకులు పిల్లలను తూచి తెలిసికొనిరి.

ఆ మక్వారీ దీవి సీళ్ళు 1950లనాటినుండి తగ్గుచు వచ్చినవి. కెర్గ్యులెన్ సీళ్ళును తొలుత తగ్గి, ఇరువదవ శతాబ్దము చివరకు నిలదొక్కుకొన్నవి. మక్వారీలో మాత్రము తగ్గుదల సాగుచునే యున్నది. జాతి ఒక్కటే, రెండు దీవులందును సీళ్ళను చంపు వేటగాండ్రు పోయి చాలకాలమైనది. తేడా అవి మేతకు పోవు సముద్రములలో నున్నదని పరిశోధకుల భావము. మక్వారీ సీళ్ళలో పెక్కు రాస్ సముద్రపు వైపునకు పోవును. ఆ ప్రాంతమున గత శతాబ్దాంతమునుండి మంచు ఎక్కువకాలము నిలిచి, అంటార్కిటికా ఖండపు ఒడ్డుననున్న మేతతావులకు వానిని చేరనీయకుండ చేసినదని కొందరందురు. కెర్గ్యులెన్ సీళ్ళకు అట్లుగాక, మంచు అంచు నొక వంకయు, ధ్రువప్రాంతపు నీటి అంచు నొక వంకయు అందుబాటులోనే యున్నవి; ఒకచోట మేత తగ్గిన యేడు మరియొకచోట వెదకుటకు వానికి వీలున్నది.